లైనింగు తీసేసిన ఇంటూ గుర్తు

ఏ బట్ట చేతికొచ్చినా ముందు దాన్ని తిరగేసి చూడటం ఆ పిల్లకు అలవాటు. ఎవరైనా కోటు తెచ్చి కౌంటరు మీద పెడితే రంగేమిటో చూడదు, కొత్తదా పాతదా అని అడగదు. చేతులు రెండూ లోపలికి పోనిచ్చి ఒక్క విసురున తిరగేస్తుంది. కుట్టినవాడు ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ పిసినారితనం చేశాడో, ఎక్కడ ముందుచూపుతో గుడ్డ వదిలాడో అన్నీ అక్కడే ఉంటాయి. కోటు తెచ్చిన మనిషి ముఖం వైపు మాత్రం చూడదు. పలకరిస్తే చాలు, మెడలో వేలాడే టేపులోకి దూరిపోతుందేమో అన్నట్టు వంగిపోతుంది.

అందుకే అత్త ఆమెకు 'లైనింగు' అని పేరు పెట్టింది. "ఎప్పుడూ లోపలే ఉంటుంది. బయటికి కనబడిందంటే ఎక్కడో చిరిగినట్టే లెక్క" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. ఆ పేరు షాపు దాటి, పైనున్న భవనం అంతా పాకింది.

షాపు ఆ భవనం మెట్ల కింద ఉంది. పైనుంచి ఎవరు దిగినా అడుగుల చప్పుడు నెత్తి మీదే. ముందు గదిలో కౌంటరూ, నిలువుటద్దమూ. వెనక గదిలో కటింగు బల్ల, ఇస్త్రీ పెట్టె, హ్యాంగర్లకు వేలాడే ప్యాంట్లు. పొట్టివి పొడుగు చేయడం, వదులువి బిగించడం, పొట్ట పెరిగినవాళ్ళకు నడుము విప్పడం వాళ్ళ పని. కౌంటరు అత్తది. మిషను లైనింగుది. ఎనిమిదో తరగతిలో ఉండగా ఇంట్లో ఇంకో జత చేతులు కావాల్సి వచ్చి బడి మానేసింది. అప్పటి నుంచీ మిషను ముందే పెరిగింది. బల్ల మాత్రం నాన్నది.

నాన్న కటింగ్ మాస్టరు. భవనంలో ఆయన సొంత పేరు తెలిసినవాళ్ళు లేరు, అందరికీ 'మాస్టరే'. గుర్తులు పెట్టే సుద్ద, అదే చాకు ముక్కతో గుడ్డ మీద గీత గీస్తే స్కేలు సిగ్గుపడేలా ఉండేది. అలాంటి చేతికి వణుకు వచ్చింది. మొదట్లో టీ గ్లాసు దగ్గర కనబడింది, తర్వాత చాకు దగ్గర. ఒకరోజు ఎవరిదో కోటు భుజం కత్తిరిస్తుంటే కత్తెర పక్కకి పోయింది. ఆయన కత్తెర మూసి అత్త చేతిలో పెట్టి, "ఇది దాచెయ్" అన్నాడు. ఆ తర్వాత ఇస్త్రీ బల్ల పక్కన స్టూలు మీద కూర్చోవడమే. జేబులో చాకు ముక్క పెట్టుకుని దాన్ని వేళ్ళతో తిప్పుతూ ఉండేవాడు. "మాస్టారూ" అని ఎవరైనా పిలిస్తే, "మాస్టరేంటి, ఒట్టి కాపలావాణ్ణి" అనేవాడు.

ఆ మాట విన్నప్పుడల్లా లైనింగు మిషను తొక్కడం ఆపేసేది. సూదిలో దారం సరిచేసుకుని మళ్ళీ తొక్కేది.

ఇంతలో వేరే ఊళ్ళో కుట్టు శిక్షణ కేంద్రం నడిపే ప్రిన్సిపాల్ మేడం ఫోన్ చేసింది. ఆమె ఒకప్పుడు మాస్టరు దగ్గర కోటు కుట్టించుకున్న మనిషి. "మీరు కత్తెర పట్టక్కర్లేదు మాస్టారూ. కంప్యూటరు ముందు కూర్చుని నోటితో చెప్పండి. కత్తిరించేది మా పిల్లలు" అంది. నాన్న ఆ రోజు గడ్డం గీసుకున్నాడు. మేకుకు తగిలించిన టేపు తీసి మెడలో వేసుకున్నాడు. అత్త ఆర్డర్లు చూసుకునే పాత లాప్‌టాప్ బల్ల మీదికి ఎక్కింది.

మొదటి క్లాసులో ఆయన గొంతు వింటుంటే లైనింగుకు ఒళ్ళు పులకరించింది. అయితే ఆ పులకరింత ఎంతోసేపు నిలవలేదు. పైన మెట్ల చప్పుడు మొదలయ్యేసరికి, మైకు కాసేపు ఆపుదామని నాన్న మౌసు పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. బాణం గుర్తు తెరంతా గంతులేసి ఎక్కడో మూలన ఆగింది. నొక్కు పడింది. క్లాసు మాయమైపోయింది!

మళ్ళీ తెరిచారు. మళ్ళీ చెయ్యి జారింది. ఈసారి ట్యాబ్ మీదున్న, నొక్కితే పేజీ మూసేసే బుల్లి ఇంటూ గుర్తు మీద పడింది. మళ్ళీ మాయం. మూడోసారి లోపలికి వెళ్ళేసరికి పక్కన మాటలు రాసుకునే గడిలో ఒక పిల్ల రాసింది: "మాస్టరు మళ్ళీ తనను తానే కత్తిరించేసుకున్నారు." దాని కింద బారెడు నవ్వు బొమ్మలు.

నాన్న అది చదివాడు. క్లాసు ఎలాగో ముగించి, టేపు తీసి మేకుకు తగిలించేశాడు.

"మేడంకి చెప్పెయ్యి చెల్లీ. నా వల్ల కాదని."

అత్త ఫోన్ చేస్తే మేడం ఇంకోలా అంది. "వచ్చే శుక్రవారం క్లాసులో నేను కూడా కూర్చుంటానండీ. అది తెగకుండా చివరిదాకా సాగితే ఈ ఏడాదంతా ఆయనే మాస్టరు. లేదంటే ఇంకో మనిషిని చూసుకోవాలి, ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముంది" అని అత్త ఫోన్ పెట్టేసి, అన్నయ్య వైపు చూసింది. ఆయన జేబులో చాకు ముక్క తిప్పుకుంటున్నాడు.

లైనింగు మాత్రం లాప్‌టాప్ వైపు చూస్తోంది. ఆమెకు ఒకటే అర్థం కావడంలేదు. అంత పెద్ద తెర మీద, అంత ప్రమాదమైన గుర్తు, గుండీ కాజా అంత కూడా లేదు. అది తీసుకెళ్ళి చెయ్యి తగిలేచోట ఎందుకు కుట్టారు? ఎవరో కుట్టిందే కదా! కుట్టిందైతే విప్పకుండా ఉంటుందా?

మర్నాడు పొద్దున్నే షాపు తీయగానే ప్యాంట్ల కట్ట పక్కకి నెట్టి లాప్‌టాప్ ముందు కూర్చుంది. క్లాసు తెరుచుకునే బ్రౌజరు పైన ఉన్న పట్టీ మీద మౌసు కుడివైపు మీట నొక్కితే ఒక చిట్టా వచ్చింది. అందులో 'టూల్‌బార్ మార్చుకోండి' అని ఉంది. నొక్కింది. తెర రూపే మారిపోయింది. అప్పటిదాకా అతికించినట్టున్న బొమ్మలన్నీ వదులయ్యాయి. ఒకదాన్ని పట్టుకుని కిందికి లాగింది. గుండీ ఊడినట్టు ఊడి వచ్చేసింది!

"అత్తా! ఊడుతున్నాయి!"

"ఏమూడుతున్నాయే? ఎవరివి?" కౌంటరు దగ్గర నుంచి అత్త కంగారుగా వచ్చింది.

"ఇదిగో, ఈ ఇల్లు బొమ్మ. ఈ నక్షత్రం. మనం ఎప్పుడూ నొక్కనివన్నీ!"

"ఓసి నీ దుంప తెగా, ఆర్డర్లు చూసుకునే కంప్యూటరు అది. ఊడగొట్టి కూర్చున్నావా?"

"మళ్ళీ పెట్టొచ్చత్తా. చూడు." నక్షత్రాన్ని తీసుకెళ్ళి పైన వదిలింది. అతుక్కుంది. అత్త "సరే, నా ఆర్డర్ల జోలికి మాత్రం వెళ్ళకు" అంటూ వెళ్ళిపోయింది. ఐదు నిమిషాలకు మళ్ళీ వచ్చి వెనక నిలబడింది.

ఇంటూ గుర్తు మాత్రం ఊడలేదు. ఎంత లాగినా కదల్లేదు. పైగుడ్డకు కాదు, లోపలి కుట్టుకు పట్టేసిన ముడి అది. లోపలికి పోవడానికి దారి ఏదో ఉండే ఉంటుందని లైనింగు వెతికింది. ఇంగ్లీషును అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది, తెలియని మాటల్ని తెలుగులోకి మార్పించుకుంది. తనలాగే బ్రౌజరు విప్పుకున్నవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు, వాళ్ళు ఒకరికొకరు రాసుకున్న జవాబులు దొరికాయి. ఒకాయన రాశాడు: అడ్రసు గడిలో ఫలానా మాట కొట్టండి, బయటికి చూపించని పేజీ ఒకటి తెరుచుకుంటుంది.

కొట్టింది. తెరుచుకుంది. ముందు ఒక హెచ్చరిక.

"ఏమంటుంది?" అంది అత్త.

"జాగ్రత్తగా వెళ్ళమంటోంది. ఇక్కడ మార్పులు చేస్తే పాడవ్వచ్చంట. ఒప్పుకుంటేనే పంపిస్తానంటోంది."

"పాడవుతుందని అదే చెబుతుంటే వేలెడతావేంటే?"

"కోటు లైనింగు విప్పేటప్పుడు కూడా పాడవ్వచ్చు కదత్తా."

అత్త ఇంకాస్త ముందుకు వంగింది. లైనింగు ఒప్పుకున్నట్టు నొక్కింది. వరసలు. వరసల కింద వరసలు. పేరు, పక్కన అవునో కాదో, లేదా ఒక అంకె. మౌసు చక్రం తిప్పుతుంటే కింద అంతు కనబడలేదు. బ్రౌజరు ఇన్నేళ్ళుగా ముందు గదిలో అద్దంలా నిలబడి, వెనక ఇంత పెద్ద గది దాచుకుంది! లైనింగు గుండె మిషనులా టకటకలాడింది. జీవితంలో మొదటిసారి గుడ్డ కానిదాన్ని తిరగేసింది.

మనం రాసిన ఫైలు చదవడానికి బ్రౌజరు ఒప్పుకునే వరసేదో జవాబులో ఉంది; దాన్ని వెతికి 'కాదు'ను 'అవును' చేసింది. ఆ వరస అప్పటికప్పుడు లావు అక్షరాల్లోకి మారింది. పక్కన వెనక్కి తిరిగిన చిన్న బాణం వచ్చింది. ఏమిటా అని చూస్తే, అది మార్చిన వరస అని గుర్తు. బాణం నొక్కితే మొదటికి వెళ్ళిపోతుంది.

"అత్తా, చాకు గుర్తు!" అని అరిచింది. "ఎక్కడ విప్పామో అదే గుర్తు పెడుతోంది! దీన్ని కుట్టినవాళ్ళకి మన పని తెలుసు!"

మెట్లు దిగుతున్న వాళ్ళెవరో ఆ అరుపుకు ఆగి తొంగి చూశారు. ఎప్పుడూ గొంతు వినపడని పిల్ల అలా అరవడం వాళ్ళకు వింత. లైనింగు తల బల్ల కిందికి వాల్చింది గాని, వేళ్ళు ఆగలేదు.

ఇక మిగిలింది అసలు కత్తిరింపు. బ్రౌజరు తన సామాన్లు దాచుకునే ఫోల్డరులో ఒక ఫైలు పెట్టి, అందులో ఏది ఎలా కనపడాలో రాస్తే చాలు, తెరిచేటప్పుడు అది చదువుకుని అలాగే తయారై వస్తుందట. ముందు ఇంటూ గుర్తు పేరు రాయాలి. తర్వాత మీసాల్లాంటి బ్రాకెట్లు. మీసాల మధ్య 'చూపించకు' అని ఒక్క మాట. రాసింది. దాచింది. బ్రౌజరు మూసి తెరిచింది.

ఇంటూ గుర్తు అక్కడే ఉంది. కదలకుండా, వెక్కిరిస్తున్నట్టు.

మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. మీసాలు సరిచూసింది. పేరు సరిచూసింది. అత్త రెండుసార్లు వచ్చి, "ఆ నీలం ప్యాంటు ఆయన వచ్చి వెళ్ళాడు, రేపని చెప్పా. రేపు కూడా అదే చెబితే నన్నే పొట్టి చేసి తగిలిస్తాడు" అని వెళ్ళింది. లైనింగుకు కన్నీళ్ళొక్కటే తక్కువ. చివరికి ఆ జవాబుల కిందే ఎవరో అడిగిన చిన్న ప్రశ్న కంటపడింది. ఫైలు పేరు చివర కంప్యూటరు తనంతట తాను '.txt' అని ఒక తోక తగిలిస్తుంది, పైకి కనపడనివ్వదు; తోక ఉంటే బ్రౌజరుకు అది వేరే ఫైలు! తోక చూపించమని కంప్యూటరుకు చెప్పింది. నిజమే, తోక ఉంది. పీకేసింది. మూసింది, తెరిచింది.

లేదు!

ట్యాబ్ మీద ఇంటూ గుర్తు ఉండాల్సిన చోట ఖాళీ. శుభ్రంగా, కుట్టు ఆనవాలు కూడా లేకుండా ఖాళీ. లైనింగు కుర్చీలోంచి లేచి, ఎక్కడికి వెళ్ళాలో తెలియక, నిలువుటద్దం దాకా నడిచి వెనక్కి వచ్చింది. మళ్ళీ చూసింది. ఇంకా లేదు! అత్త భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"ఏమైందే నీకు? దయ్యం పట్టిందా?"

"పోయిందత్తా! పోయింది!"

"ఏం పోయిందని ఇంత సంబరం?"

ఆ తర్వాత రోజులన్నీ ఆమెకు కాళ్ళు నేల మీద నిలవలేదు. పగలు ప్యాంట్లు, ఖాళీ దొరికితే బ్రౌజరు. మూలనున్న పెద్ద ఇంటూ గుర్తును తీసేసింది. పైనున్న తెల్లటి పట్టీకి నాన్న చాకు ముక్క నీలం వేసింది. క్లాసు పేజీకి వేరే ఫైలు రాసి, బయటికి తోసేసే ఎర్ర ఫోను బొమ్మను మాయం చేసింది. మైకు గుండీని సాసరంత చేసింది. నొక్కితే రంగు మారాలి, పక్క గడిలో రాసే అక్షరాలు అత్తకు కళ్ళజోడు లేకుండా కనపడాలి. ప్రతి మార్పు పైనా చాకు గుర్తు పెట్టింది. ఆ ఫైల్లో అటూ ఇటూ ఏటవాలు గీత పక్కన చుక్కగుర్తు పెట్టి మధ్యలో ఏది రాసినా బ్రౌజరు పట్టించుకోదు, మనిషే చదువుకుంటాడు. 'ఇది నాన్న మైకు', 'ఇది ఎర్ర ఫోను, తీసేశా' అని రాసుకుంది.

చివరికి ఇంకా ఏదో వదులుగా ఉన్నట్టనిపించి, బ్రౌజరు తెరిస్తే నేరుగా క్లాసు పేజీయే వచ్చేలా పెట్టి, అడ్రసు గడి ఉండే పట్టీ మొత్తాన్ని కత్తిరించేసింది. ఇప్పుడు తెరంతా క్లాసే. ఒంటికి అతికినట్టు కుట్టిన కోటులా ఉంది.

"నాన్నా, రా. కూర్చో."

"నాకెందుకే ఇవన్నీ."

"ఒక్కసారి. నీ ఇష్టమొచ్చినట్టు నొక్కు. ఎక్కడైనా నొక్కు."

నాన్న అయిష్టంగానే మౌసు పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. మూలకెళ్ళింది. నొక్కు పడింది. భుజాలు బిగించుకుని ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. ఇంకో మూల నొక్కాడు. ఏమీ కాలేదు. మైకు సాసరు మీద మాత్రం ఎంత వణికినా గురి తప్పలేదు. ఆయన తల పక్కకి వంచి, కొత్త కోటును చూసినట్టు ఆ తెరను పైనుంచి కిందిదాకా చూశాడు.

"బిగుతుగా కుట్టావు. లోపల గుడ్డ వదిలావా?"

"చాకు గుర్తులు పెట్టాను నాన్నా, అన్నిటికీ."

"గుర్తు పెట్టడం వేరు, గుడ్డ వదలడం వేరు. మనిషన్నాక రేపు ఊపిరి పీల్చుకోవద్దూ?"

కానీ ఆయన ఆ సాయంత్రం మేకు మీదున్న టేపు తీసుకున్నాడు. లైనింగుకు అది చాలు. మిగిలిన మాట చెవిన వేసుకోలేదు.

ఒక్కటి మాత్రం ఆమె సరిచూడలేదు. క్లాసు పేజీ ఎన్నిసార్లు తెరిచినా కెమెరా, మైకు లేకుండానే తెరిచింది. తన ముఖం తనకు తెర మీద ఎదురుగా కనపడటం ఆ పిల్లకు చచ్చేంత సిగ్గు. కెమెరా కన్ను మీద నల్ల గుడ్డముక్క కూడా అంటించింది, ఎందుకైనా మంచిదని. అంతకు ముందు క్లాసులప్పుడు తెరిచేదీ నొక్కేదీ అత్తే; ఏం నొక్కిందో లైనింగు ఎప్పుడూ దగ్గరుండి చూడలేదు.

శుక్రవారం వచ్చింది. నాన్న ఇస్త్రీ చొక్కా, మెడలో టేపు, ముందు కాగితం మీద గీసిన కోటు చెయ్యి నమూనా. అత్త కౌంటరు మీద 'కాసేపట్లో వస్తాం' అన్న అట్ట పెట్టి వచ్చి నిలబడింది. లైనింగు నల్ల గుడ్డముక్క పీకి, క్లాసు తెరిచి, కెమెరా కంటికి అందనంత దూరం జరిగింది.

అటువైపు పిల్లలు గళ్ళు గళ్ళుగా కనబడ్డారు. మధ్య గడిలో ప్రిన్సిపాల్ మేడం.

"నమస్కారం మేడం" అన్నాడు నాన్న.

మేడం పలకలేదు. తెర దగ్గరగా వంగి చూసింది. "మాస్టారూ, మీరున్నారా? మీ గడి నల్లగా ఉంది. గొంతు కూడా రావడంలేదు."

"ఉన్నాను మేడం! ఇక్కడే ఉన్నాను!"

ఎవరికీ వినపడలేదు. పక్క గడిలో అక్షరాలు వచ్చాయి: "మాస్టరు ఈసారి రాకముందే కత్తిరించేసుకున్నారు." నవ్వు బొమ్మలు. ఇప్పుడవి కళ్ళజోడు లేకుండా కనపడేంత పెద్దగా ఉన్నాయి. వాటిని అంత పెద్దవి చేసింది తనే.

లైనింగు గబుక్కున వచ్చి సాసరు నొక్కింది. రంగు మారింది, గొంతు వెళ్ళలేదు. నాన్న చెయ్యి టేపు మీదికి పోయింది, తీసేద్దామా అన్నట్టు.

"ఇదిగో, ఆ చీటీ ఏదే?" అంది అత్త ఉన్నట్టుండి.

"ఏ చీటీ?"

"ప్రతిసారీ వస్తుందే, పైనుంచి ధర చీటీలా వేలాడుతుంది. కెమెరా ఇవ్వమంటావా, మైకు ఇవ్వమంటావా అని. నేను ఇవ్వమని నొక్కుతాను. అది రాలేదేంటి ఇవాళ?"

లైనింగు తెర పైఅంచు వైపు చూసింది. పైనుంచి వేలాడుతుంది! దేన్నుంచి? అడ్రసు గడి పట్టీ నుంచి. ఆ పట్టీ ఏది? తానే కత్తిరించేసింది. బ్రౌజరు పాపం అడుగుతూనే ఉంది, అడిగే చీటీ తగిలించడానికి దానికి చోటు లేదు!

"ఒక్క నిమిషం నాన్నా. ఒక్కటే."

ఫైలు తెరిచింది. చాకు గుర్తులు వరసగా ఉన్నాయి. నాన్న మైకు, ఎర్ర ఫోను, మూల ఇంటూ, ట్యాబ్ ఇంటూ... 'పై పట్టీ, తీసేశా'. దాని కిందున్న లైనుకు అటూ ఇటూ చుక్కగుర్తులు పెట్టింది. ఇక బ్రౌజరు దాన్ని పట్టించుకోదు, పట్టీ మళ్ళీ వస్తుంది. దాచింది. కానీ మూసి తెరిస్తేగాని మార్పు తెలియదు. మూయాలి. క్లాసు మధ్యలో, మేడం చూస్తుండగా.

మూయడానికి చెయ్యి పైకి వెళ్ళింది. మూల ఖాళీగా ఉంది. ఇంటూ గుర్తు లేదు.

ఆమె నాన్న వైపు తిరిగింది. "నాన్నా, దీన్ని మూసెయ్యాలి. కీబోర్డు మీటలతో మూయొచ్చు. కానీ వాళ్ళు మళ్ళీ అదే..."

నాన్న తెర వైపు చూశాడు. నవ్వు బొమ్మల వైపు చూశాడు. తర్వాత బల్ల మీద గుడ్డ పరిచి, పక్కవాడికి కత్తెర ఇచ్చే రోజుల్లో వాడే గొంతుతో అన్నాడు: "గీత గీశావుగా? ఇంక చూస్తావేం, కత్తిరించు!"

రెండు మీటలు కలిపి నొక్కింది. అంతా మాయమైంది. మళ్ళీ తెరిచింది. చాకు నీలం పట్టీ పైన మెరిసింది. క్లాసు తెరుచుకుంటూనే దాని కింద చీటీ వేలాడింది. ఇవ్వు, వద్దు, రెండూ పక్కపక్కనే. నాన్న చెయ్యి అటు కదలబోయి ఆగింది. లైనింగు ఆయన భుజం మీదుగా వంగి, ఇవ్వమని నొక్కింది.

కెమెరా తెరుచుకుంది. తెర నిండా ఆమె ముఖమే.

అటువైపు గళ్ళన్నీ ఒక్కసారిగా ఆమెనే చూశాయి. "ఎవరమ్మా నువ్వు? మాస్టరు గారేరీ?" అంది మేడం.

వెనక్కి లాక్కుందామనుకుంది. మెడ కదల్లేదు. అత్త నడుం మీద పొడిచింది.

"నేను... మాస్టరు గారి అమ్మాయిని. కెమెరా రాకపోవడం ఆయన తప్పు కాదండి. నేను బిగించబోయి ఎక్కువ కత్తిరించేశాను. ఇప్పుడు కొంచెం గుడ్డ వదిలాను. ఇంక తెగదు."

అనేసి బల్ల కిందికి జారిపోయింది. ఖాళీ అయిన చోట నాన్న కనబడ్డాడు.

"నమస్కారం మేడం. అది మా లైనింగు. బయటికి రాదు, ఇవాళ చిరిగి వచ్చింది" అన్నాడు.

పిల్లలు నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. తర్వాత తన కుడిచెయ్యి కెమెరా ముందు పెట్టాడు. అది వణుకుతోంది. "ముందే చూసెయ్యండి, తర్వాత తొంగి చూడక్కర్లేదు. ఈ చెయ్యి గీసిన గీత వంకర పోతుంది. మీది పోకూడదు. సరే, ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. చేతులు వదిలెయ్యండి. పక్కవాళ్ళ చెయ్యి చూడండి. తిన్నగా వేలాడుతోందా?"

"లేదు మాస్టారూ, కొంచెం ముందుకొస్తోంది."

"ఆ! మరి కోటు చెయ్యి తిన్నగా కుడితే ఏమవుతుంది?"

ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరితరం కాలేదు. నమూనా ఎత్తి చూపించాడు, అత్తను పిలిచి ఆమె చెయ్యే చూపించాడు, ఒక పిల్ల గీసిన గీత తప్పయితే ఇక్కణ్ణుంచే పట్టేశాడు. బల్ల కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న లైనింగుకు ఆయన చెప్పులు కనబడుతున్నాయి. ఒక పాదం తాళం వేస్తోంది, కత్తెర నడిచే రోజుల్లోలాగే.

పైన ఎవరో దబదబా మెట్లు దిగారు. నాన్న మౌసు పట్టుకున్నాడు. లైనింగు కళ్ళు మూసుకుంది. నొక్కు వినపడింది. తర్వాత మాట ఆగిపోయింది.

తల పైకెత్తి చూసింది. బాణం తెర మూలన, ఇంటూ గుర్తు ఉండాల్సిన చోట నిలబడి ఉంది. నాన్న దాన్నే చూస్తున్నాడు. పిల్లలందరూ గళ్ళలో ఉన్నారు. మేడం ఉంది. ఎవరూ ఎక్కడికీ పోలేదు. ఆయన ఒకసారి కిందికి, కూతురి వైపు చూశాడు. చూసి, బాణాన్ని సాసరు మీదికి తెచ్చి మైకు ఆపి, మెట్ల చప్పుడు తగ్గాక మళ్ళీ తెరిచి, ఇంకాస్త గట్టిగా మొదలుపెట్టాడు. "ఎక్కడున్నాం? ఆ, చంక దగ్గర!"

చెప్పాల్సినదంతా అయ్యాక మేడం నవ్వుతూ చేతులు జోడించింది. "చాలా సంతోషం మాస్టారూ. ఇక ముగించండి. మీరు వెళ్ళొచ్చు."

నాన్న ఇటు చూశాడు, అటు చూశాడు. మూలన నొక్కాడు. ఇంకో మూలన నొక్కాడు.

"వెళ్ళడానికి దారి లేదు మేడం. మా అమ్మాయి కుట్టేసింది."

"అయితే ఏడాదంతా అక్కడే ఉండండి" అంది మేడం. ఆ మాట ఆమె నవ్వుతూనే అంది గాని, నవ్వు ఆగాక కూడా వెనక్కి తీసుకోలేదు. "సోమవారం కాలరు మొదలుపెడదాం" అని ఆమె గడి మూసుకుంది.

పిల్లలు మాత్రం కదల్లేదు. ఇందాక పక్క గడిలో రాసిన పిల్లే గొంతు విప్పింది. "మాస్టారూ, మీ ఇంటూ గుర్తు ఎలా తీశారండీ? మా తాతయ్యకి కూడా చెయ్యి ఆగదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఫట్‌మని మూసేస్తాడు."

"అది నన్నడిగితే ఏం చెప్పను? ఏయ్ లైనింగూ, పైకి రా."

"నాన్నా, నేను రాను."

"వాళ్ళ తాతయ్య కోసమంట."

అత్త రెక్క పట్టుకుని లాగింది. లైనింగు లేచి నిలబడింది. తెరలో సగం ముఖం, ఒక చెవి, మెడలో టేపు కనబడ్డాయి. గళ్ళలో పిల్లలందరూ కాగితాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఆమె ఒకసారి గొంతు సవరించుకుని, తర్వాత మిగిలిన సగం ముఖాన్ని కూడా లోపలికి తెచ్చింది.

"ముందు దాన్ని తిరగెయ్యాలి" అంది. "ఎక్కడ తిరగెయ్యాలో చూపిస్తా, ఉండండి."